మీ పేపర్ జర్నల్‌కు వెళ్లాక: కాపీ ఎలా పట్టుబడుతుంది, పట్టుబడ్డాక ఏం జరుగుతుంది

కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక డీటీపీ షాపులో బైండింగ్ కోసం కూర్చుని ఉంటే ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. “అన్నా, ఇరవై మూడు వచ్చింది. పది లోపలికి తెస్తవా?” అని అడిగాడు. అతని థీసిస్ అధ్యాయం ఎంత శాతం వేరేచోటి రాతలతో కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకె అది. షాపాయన స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండానే పేజీకి ఇంత అని రేటు చెప్పాడు. రెండు నిమిషాల్లో బేరం తెగింది. ఆ పిల్లవాడి ముఖంలో టెన్షన్ పోయింది, నాకు పట్టుకుంది. ఆ షాపులో ఆ అధ్యాయాన్ని ఏం చేస్తారో, అదే రేపు పేపరై జర్నల్‌కు వెళ్తే అక్కడివాళ్లకు ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. చాలా ఏళ్లుగా పేపర్లు రివ్యూ చేస్తున్నాను, అంటే అచ్చుకు ముందు జర్నల్ తరఫున చదివి అభిప్రాయం చెబుతున్నాను. కొంతకాలం ఒక చిన్న జర్నల్ సంపాదకవర్గంలోనూ ఉన్నాను.

మన దగ్గర ప్లేజరిజం (వేరేవాళ్ల రాతను తనదిగా చూపడం) అనగానే అందరికీ శాతమే గుర్తొస్తుంది. పది లోపల ఉంటే గండం గడిచినట్టే అనుకుంటారు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు: కాంటా బస్తా బరువు చెబుతుంది గానీ ధర చెప్పదు. ఖరీదుదారు బస్తాలోకి చెయ్యి పెట్టి, లోపలి నుంచి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంతుందో చూసి ధర పెడతాడు. జర్నల్‌లో సాఫ్ట్‌వేర్ పని కాంటా పని. చెయ్యి పెట్టి చూసేది ఎడిటర్, రివ్యూవర్. మీ పేపర్ ఆ చేతుల గుండా ఎలా వెళ్తుందో, ఎక్కడ మీరేం చేయాలో వరసగా చెబుతాను.

1. ఆ శాతం దేని లెక్కో ముందు తెలుసుకోండి

పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు ఎక్కువగా వాడేది క్రాస్‌రెఫ్ సంస్థవారి సిమిలారిటీ చెక్. 2008లో క్రాస్‌చెక్ అనే పేరుతో మొదలైంది. లోపల పనిచేసేది టర్నిటిన్ కంపెనీవారి ఐథెంటికేట్. ఇందులో చేరిన ప్రచురణకర్తలు తమ పేపర్ల పూర్తి పాఠాన్ని పోలిక కోసం అందుబాటులో ఉంచుతారు. అంటే డబ్బు కడితే గానీ మనకు తెరుచుకోని పేపర్లు కూడా దాని కంటికి కనిపిస్తాయి. “ఇది గూగుల్‌లో దొరకదు సార్, ఎవరికి తెలుస్తది” అనేవాళ్లు మొదట బోర్లాపడేది ఇక్కడే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీ పాఠాన్ని కొన్ని కొన్ని పదాల గుంపులుగా విరిచి, ఒక్కో గుంపుకు వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను తయారుచేసి, తన గోదాములోని కోట్ల పత్రాల ముద్రలతో పోలుస్తుంది. కలిసినచోట రంగు పూస్తుంది. ఒక్కో మూలానికి ఒక్కో రంగు, పక్కన ఒక్కో శాతం. “ఈ మాటలు ఇంకోచోట కూడా ఉన్నాయి” అనడం వరకే దాని పని. దొంగతనమా, కాదా అన్నది దానికి తెలియదు.

ఒక ఉదాహరణ. వరంగల్ భూగర్భజలాల మీదో, నేలల మీదో, చెరువుల మీదో వచ్చిన ఏ పేపర్ అయినా తీయండి. ‘అధ్యయన ప్రాంతం’ అని ఒక పేరా ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలు, వానాకాలం వర్షపాతం, ఎర్ర చెలకలు, నల్లరేగడి, కింద గ్రానైటు, పైన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు. ఎవరో ఎప్పుడో రాసిన ఆ పేరా ఒక థీసిస్ నుంచి ఇంకో థీసిస్‌కు తాతల నాటి బిందెలా చేతులు మారుతూ వచ్చింది. రామప్ప మీద రాసేవాళ్లదీ అదే తీరు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, ఇటుకలు నీళ్లలో తేలతాయని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని. ఈ విషయాలు ఎవరి సొత్తూ కావు. వాటిని చెప్పిన వాక్యం మాత్రం ఒకరిదే.

ఇప్పుడు రెండు రిపోర్టులు ఊహించుకోండి. మొదటిదాంట్లో 24 శాతం. విప్పి చూస్తే అందులో సగం రిఫరెన్సుల పట్టిక, కొంత ప్రామాణిక ప్రయోగ పద్ధతి, మిగతాది పదిహేను చోట్ల నుంచి అరశాతం అరశాతం. రెండోదాంట్లో 9 శాతమే. కానీ అందులో 6 శాతం ఒకే పేపర్ నుంచి, అదీ చర్చ భాగంలో వరసగా రెండు పేరాలు. మన డీటీపీ షాపు లెక్కన రెండోది పాసు. నా బల్ల మీదికి వస్తే మొదటిదాన్ని రివ్యూకు పంపుతాను, రెండోదాన్ని ఆపుతాను.

2. పంపకముందే మీ ఇంట్లో మీరు చేసుకోవాల్సిన పరీక్ష

మన యూనివర్సిటీల లైబ్రరీల్లో సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ 2019లో శోధ్‌శుద్ధి అనే పథకం పెట్టి దేశంలోని విద్యాసంస్థలకు దీన్ని ఇస్తోంది. మొదట ఉర్కుండ్ ఉండేది, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. బయట షాపుకు పోవాల్సిన పని లేదు.

లైబ్రరీకి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న మరిచిపోకండి: “సార్, ఈ ఫైల్ రిపాజిటరీలో సేవ్ అవుతుందా?” కొన్ని సాఫ్ట్‌వేర్లలో డ్రాఫ్ట్ చెక్ చేసినప్పుడు అది వాళ్ల గోదాములోకి చేరిపోయే ఏర్పాటు ఉంటుంది. రెండు నెలల తర్వాత అసలు ప్రతి పెడితే మీ పేపర్ మీ పేపర్‌తోనే నూటికి నూరు కలుస్తుంది. ఇలా తన నీడను చూసి తానే బెదిరిపోయిన అమ్మాయి ఒకతె రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. చెక్ చేసేటప్పుడే ‘సేవ్ చేయవద్దు’ అని ఎంచుకుంటే సరిపోయేది.

ఊరూ పేరూ తెలియని ఉచిత వెబ్‌సైట్లలో మాత్రం ప్రచురణకు ముందు మీ పేపర్ పెట్టకండి. అది ఎక్కడికి పోయిందో మీకు ఎవరూ చెప్పరు.

రిపోర్ట్ వచ్చాక మొత్తం శాతాన్ని అరచేత్తో మూసేయండి. రిఫరెన్సులు, కొటేషన్ గుర్తుల్లో ఉన్నవి తీసేసి మళ్లీ చూడండి. తర్వాత ఎక్కువ శాతం ఇచ్చిన మొదటి ఐదు మూలాలను ఒక్కొక్కటే తెరవండి. ఒక్కో రంగు ముక్క దగ్గర ఆగి మూడు సంగతులు చూసుకోండి: ఈ మాటలు నావా, ఈ ఆలోచన నాదా, కాకపోతే ఎవరిదో పక్కన చెప్పానా. ఆలోచన వాళ్లది, మాటలు మీవి అయితే రిఫరెన్స్ పెడితే చాలు. మాటలు కూడా వాళ్లవే అయితే కొటేషన్ గుర్తులు పెట్టాలి, లేదా వాక్యాన్ని మొదటి నుంచి మీరే రాయాలి. కింద చిన్న అంకె వేశాం కదా, పేరా మొత్తం ఎత్తినా పర్లేదు అనుకోవడం మన దగ్గర ఎంత మామూలంటే, గైడ్లు కూడా అదే చెబుతుంటారు. అది నిజం కాదు, జర్నల్ దాన్నీ కాపీ కిందే లెక్కేస్తుంది.

మళ్లీ ఎలా రాయాలి? నేను మా పిల్లలకు చెప్పేది ఒకటే పద్ధతి. ఆ పేపర్ మూసేయండి. క్యాంటీన్‌కు వెళ్లి, మీ సబ్జెక్ట్ తెలియని దోస్తుకు ఆ విషయం తెలుగులో చెప్పండి. వాడికి అర్థమయ్యిందంటే మీకూ అర్థమైనట్టే. తిరిగొచ్చి, మూల పేపర్ తెరవకుండా, ఇప్పుడు చెప్పిందే ఇంగ్లిష్‌లో రాయండి. వాక్యం కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు, భాషను తర్వాత ఎవరైనా దిద్దవచ్చు. మన పిల్లల్లో కాపీ చేసేవాళ్లు చాలామంది దొంగబుద్ధితో చేయరు. జనగామలోనో, మంథనిలోనో తెలుగు మీడియంలో చదివి వచ్చి, “నా ఇంగ్లిష్ కంటే వాళ్ల ఇంగ్లిష్ బాగుంది కదా” అని ఆ వాక్యాన్ని ఎత్తుకుంటారు. ఆ బెరుకు నాకూ ఉండేది. ఎడిటర్‌కు అది కనపడదు. ఆయన ముందు ఉండేది రంగు పూసిన పేజీలు మాత్రమే.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు ఒక పక్కమాట. మన పాత డీటీపీ ఫైళ్లు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు కాబట్టి మనకు తెలుగు కనిపించినా, సాఫ్ట్‌వేర్‌కు లోపల అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. పాత పుస్తకాల స్కాన్లు అయితే దానికి వట్టి బొమ్మలు. అందుకే తెలుగులో సున్నా శాతం వచ్చిందని ఎవరైనా మురిసిపోతే నాకు నవ్వొస్తుంది. అక్కడ కాపీని పట్టేది పరీక్షకుడి జ్ఞాపకశక్తే. అది ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ కంటే మహా ఘాటుగా ఉంటుంది.

3. జర్నల్ గుమ్మం దగ్గర

పేపర్ అప్‌లోడ్ చేశాక అది వెంటనే ఎడిటర్ దగ్గరకు పోదు. చాలా జర్నళ్లలో ముందు కార్యాలయ సిబ్బంది ఫార్మాట్ చూస్తారు, సిమిలారిటీ రిపోర్ట్ తీస్తారు. ఎంత దాటితే ఆపాలో ఒక్కో జర్నల్‌ది ఒక్కో లెక్క. చూపు మాత్రం దాదాపు ఒకేచోట పడుతుంది: ఒకే మూలం నుంచి పెద్ద ముక్క ఏదైనా వచ్చిందా?

వచ్చిందంటే, ఎక్కడ వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. పద్ధతుల భాగంలో పోలికను కొంత ఓర్చుకుంటారు. ఒక రసాయనాన్ని ఎన్ని మిల్లీలీటర్లు పోసి ఎన్ని నిమిషాలు వేడిచేశారో చెప్పడానికి వంద తీర్లు ఉండవు. పరిచయంలో అయితే అనుమానం. ఫలితాల్లో, చర్చలో అయితే కథ అక్కడే ఆగుతుంది. వేరొకరి ఫలితాన్ని వర్ణించిన వాక్యం మీ ఫలితానికి అతికిందంటే, ఆ ప్రయోగం మీరు చేశారా అన్న ప్రశ్న కూడా లేస్తుంది.

మీ పాత పేపర్ నుంచే మీరు ఎత్తుకున్నా రంగు పడుతుంది. దాన్ని సొంత కాపీ అంటారు. పద్ధతి వివరణ రెండు వాక్యాలు మళ్లీ వాడి, ‘ముందు పేపర్‌లో చెప్పినట్టు’ అని రాస్తే ఎవరూ అడగరు. ఒకే డేటాను నాలుగు ముక్కలు చేసి నాలుగు జర్నళ్లకు పంపడం, ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు చోట్లకు పంపడం వేరే సంగతి. ఇవి రెండూ తప్పే. రెండు జర్నళ్లూ ఒకే రివ్యూవర్‌కు పంపి దొరికిపోయినవాళ్లు ఉన్నారు. ఒకసారి ఆ రివ్యూవర్‌ను నేనే.

తప్పించుకునే చిట్కాలను కూడా ఈ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాయి. ఇంగ్లిష్ ‘ఎ’ బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టడం, పదాల మధ్య తెల్లరంగు అక్షరాలు దాచడం పాత ఎత్తులు. ఇప్పుడు రిపోర్ట్‌లోనే “ఇక్కడ దాచిన పాఠం ఉంది” అని జెండా లేస్తుంది. కాపీకి ఏదో ఒక సంజాయిషీ చెప్పుకోవచ్చు. ఈ పనికి చెప్పుకోలేరు, ఎందుకంటే ఇది పొరపాటున జరగదు.

4. రివ్యూవర్ కంటికి దొరికేవి

సాఫ్ట్‌వేర్ వదిలేసినవి ఇక్కడ దొరుకుతాయి. నాకు దొరికినవి చెబుతాను.

పేపర్‌లో నాలుగే బొమ్మలు. మూడో పేజీలో ‘ఏడో బొమ్మలో చూపినట్టు’ అని ఉంది. ఆ వాక్యం ఎక్కడి నుంచో బొమ్మను వదిలేసి ఒంటరిగా వచ్చింది. ఇంకోదాంట్లో ‘మా గత అధ్యయనంలో’ అని రాసి పక్కన వేసిన రిఫరెన్స్ చూస్తే, అందులో ఈ రచయితల పేర్లు ఒక్కటీ లేవు. ఒక పేరా నిండా బ్రిటిష్ స్పెల్లింగ్, తర్వాతి పేరాలో అమెరికన్. రెండు పేజీలు తడబడుతూ నడిచిన ఇంగ్లిష్ ఒక్కసారిగా సూటు వేసుకుని నిలబడుతుంది, మళ్లీ పేజీ తిప్పగానే తడబాటు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం తప్పు. ఒకరు రిఫరెన్స్‌లో సంవత్సరం పొరపాటుగా రాస్తే, అదే పొరపాటు అదే తీరున మీ పట్టికలోనూ ఉంటే, మీరు ఆ మూలాన్ని తెరవలేదని, పట్టికను ఎత్తుకొచ్చారని తెలిసిపోతుంది. నిజం పది మందికీ ఒకేలా తట్టవచ్చు, అదే తప్పు అదే చోట ఇద్దరికి రావడం కష్టం.

ఇక షాపులో శాతం ‘తగ్గించిన’ పేపర్లు. అక్కడ చేసేది సాధారణంగా ఒకటే: పాఠాన్ని పదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో పోసి తిప్పడం. అది ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ను ‘కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్’ అని, ‘బిగ్ డేటా’ను ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అని, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ను ‘బూజమ్ పెరిల్’ అని మారుస్తుంది. బోనాల పండుగను ‘అన్నాల పర్వం’ అని రాసినట్టు. గియోమ్ కబానాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు 2021లో ఇలాంటి మాటలను ‘చిత్రహింసకు గురైన పదబంధాలు’ అని పేరు పెట్టి లోకం ముందు పెట్టారు. కబానాక్ నడిపే ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్ ఇలాంటి మాటల కోసం అచ్చయిన పేపర్లన్నిటినీ జల్లెడ పడుతూ ఉంటుంది. కాబట్టి షాపాయన పేజీకి ఇంత అని తీసుకుని మీకు ఇచ్చేది తక్కువ శాతంతో పాటు ఎప్పటికీ చెరగని ఒక గుర్తు. అసలు కాపీయే నయం, దాన్ని కనీసం తెలియక చేశానని చెప్పుకోవచ్చు.

చాట్‌జీపీటీ వంటివాటి సంగతి అడుగుతారు. ప్రచురణ నీతి మీద జర్నళ్లకు సలహాలిచ్చే కోప్ అనే సంస్థ 2023లోనే తేల్చి చెప్పింది: ఏఐని రచయితగా రాయకూడదు, వాడితే ఎలా వాడారో పేపర్‌లో చెప్పాలి, తప్పొప్పుల బాధ్యత మనుషులదే. ఏఐ రాసిందో లేదో చెప్పే పరికరాలు పొరపాట్లు చేస్తాయి, వాటి మాట మీదే ఒకరిని దోషిని చేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఏఐ పుట్టించిన, లోకంలో ఎక్కడా లేని రిఫరెన్స్ దొరికితే వేరే సాక్ష్యం అక్కర్లేదు. ప్రతి రిఫరెన్స్‌నూ తెరిచి చూసుకోండి. డీఓఐ (ప్రతి పేపర్‌కూ ఉండే శాశ్వత గుర్తింపు లింకు) నొక్కితే ఆ పేపరే రావాలి.

రివ్యూవర్ అనేవాడు కూడా మనిషే, వాడూ దొంగ కావచ్చు. అమెరికాలో మైఖేల్ డాన్సింగర్ అనే వైద్య పరిశోధకుడి పేపర్‌ను ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ తిరస్కరించింది. దాన్ని రివ్యూ చేసిన వ్యక్తి అదే పేపర్‌ను తన పేరుతో వేరే జర్నల్‌లో అచ్చేసుకున్నాడు. విషయం బయటపడి ఆ పేపర్ రద్దయింది. డాన్సింగర్ ఆ దొంగ పేరు చెప్పకుండా అతనికి ఒక బహిరంగ లేఖ రాస్తే, ఆనల్స్ పత్రికే దాన్ని ప్రచురించింది.

5. బొమ్మలు, పట్టికలు

లైఫ్ సైన్సెస్, మెడికల్ వాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 20,621 పేపర్లలోని బొమ్మలను కళ్లతోనే పరిశీలించారు. 3.8 శాతం పేపర్లలో అనుమానాస్పదంగా మళ్లీ వాడిన బొమ్మలు కనిపించాయి. ఒకే జెల్ బొమ్మను తిప్పి, కత్తిరించి, రెండు వేరే ప్రయోగాలుగా చూపడం లాంటివి. ఇప్పుడు ప్రూఫిగ్, ఇమేజ్‌ట్విన్ వంటి పరికరాలతో జర్నళ్లు అచ్చుకు ముందే చూస్తున్నాయి. మీరు చేయాల్సింది: మైక్రోస్కోప్ నుంచి వచ్చిన అసలు ఫైళ్లను తేదీలతో సహా దాచుకోవడం. వేరేవాళ్ల బొమ్మ వాడితే రిఫరెన్స్ ఒక్కటే చాలదు, హక్కుదారు అనుమతి కూడా కావాలి.

6. ఎడిటర్ నుంచి ఉత్తరం వస్తే

జర్నళ్లు ఇక్కడ పాటించేది ఎక్కువగా కోప్ గీసిచ్చిన పటమే. 1997లో కొందరు ఎడిటర్లు కలిసి మొదలుపెట్టిన సంస్థ ఇది. ఆ పటం ప్రకారం అనుమానం రాగానే ఎడిటర్ రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి సాక్ష్యం సిద్ధం చేసుకోవాలి. చిన్న చిన్న వాక్యాలైతే మామూలుగా మాట్లాడి, తిరగరాయమనో, కొటేషన్ గుర్తులు పెట్టమనో అడుగుతారు. పెద్ద ఎత్తున కనిపిస్తే సాక్ష్యం జతచేసి, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే రచయితకు రాసి వివరణ అడుగుతారు. కొత్తవాడు, తెలియక చేశాడు అని నమ్మితే పేపర్ తిరస్కరించి తప్పేమిటో చెప్పి వదిలేయవచ్చు, సవరించి పంపమనవచ్చు. వివరణ నమ్మేలా లేకపోతే పేపర్ తిరస్కరించి, మీ సంస్థకు తెలియజేసే ఆలోచన చేస్తారు. జవాబే రాకపోతే మిగతా రచయితలకు రాస్తారు, వాళ్లూ పలకకపోతే యూనివర్సిటీకి రాస్తారు.

ఆ మెయిల్ చూడగానే కాళ్లు చల్లబడతాయి. చాలామంది లాప్‌టాప్ మూసేసి, మేడారం మొక్కు మొక్కుకుని, పది రోజులు ఊరుకుంటారు. మౌనాన్ని ఎడిటర్లు ఒప్పుకోలుగానే చదువుతారు. వచ్చిన రోజే “అందింది, ఫలానా తేదీలోగా వివరంగా రాస్తాను” అని రెండు పంక్తులు పంపండి. తర్వాత గైడ్‌కు, సహ రచయితలందరికీ చూపించండి. దాచితే రేపు వాళ్లకు జర్నల్ నుంచే తెలుస్తుంది, అప్పుడు ఆ ఇబ్బంది రెండింతలు.

వివరణ ఇలా ఉండవచ్చు. రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా ధోరణి ఇదీ:

“మీరు చూపిన ఐదు పేరాలను మూల వ్యాసంతో పోల్చి చూశాము. పరిచయంలోని రెండు పేరాలు నా నోట్సు నుంచి వచ్చాయి. నోట్సులో మూలవాక్యాలకు, నా వాక్యాలకు తేడా గుర్తుపెట్టుకోలేదు. తప్పు నాదే. చర్చలోని ఒక పేరాకు రిఫరెన్స్ ఉంది గానీ కొటేషన్ గుర్తులు లేవు. మిగతా రెండు ప్రామాణిక పద్ధతి వివరణలు, వాటికీ మూలం చెబుతాము. ఫలితాలు, డేటా పూర్తిగా మావే, ముడి డేటా జతచేస్తున్నాను. మీ నిర్ణయం ఏదైనా అంగీకరిస్తాము.”

ఇందులో ఏడుపు లేదు, ఇంట్లో పరిస్థితులు లేవు, “మా విద్యార్థి చేశాడు” అనే మాట లేదు. ఆ చివరి మాట మన సార్లకు మహా ఇష్టం. పేరు వేసుకునేటప్పుడు ముందుండి, తప్పు దొరికినప్పుడు విద్యార్థిని ముందుకు తోయడం ఎడిటర్లు చాలా చూశారు, దానికి విలువ ఇవ్వరు. పేపర్ మీద పేరున్న ప్రతివాళ్లూ జవాబుదారే.

7. అచ్చయ్యాక బయటపడితే

అచ్చయిన పేపర్‌ను చించి పారేయరు. తీరు బట్టి మూడింటిలో ఒకటి జరుగుతుంది. చిన్నదైతే దిద్దుబాటు ప్రకటన. విచారణ ఇంకా తేలకపోతే పాఠకులను హెచ్చరిస్తూ ‘ఆందోళన ప్రకటన’. పెద్దదైతే రిట్రాక్షన్, అంటే రద్దు. రద్దయిన పేపర్ వెబ్‌సైట్‌లో అలాగే ఉంటుంది, ప్రతి పేజీ మీద అడ్డంగా ‘రద్దయింది’ అనే ముద్రతో. ఎవరు రద్దు చేశారు, ఎందుకు అన్న నోటీసు డబ్బు కట్టకుండానే అందరికీ కనిపించాలి. మీ పేరు కొట్టి వెతికినవాళ్లకు పేపర్ కంటే ముందు ఆ నోటీసు దొరికినా ఆశ్చర్యం లేదు.

ఎంత పెద్దవాళ్లకైనా ఇది తప్పదు. 2011లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ జర్నల్‌లో ప్రముఖ రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు సహ రచయితగా ఉన్న పేపర్‌లో కొన్ని వాక్యాలు వేరే వ్యాసం నుంచి వచ్చినట్టు తేలింది. జర్నల్ రచయితల క్షమాపణను ప్రచురించింది. ఫలితాలు సొంతవే కాబట్టి పేపర్‌ను రద్దు చేయలేదు. కొన్ని వాక్యాలకు, మొత్తం పేపర్‌కు మధ్య గీత ఎక్కడ గీస్తారో చూడటానికి ఇది మంచి ఉదాహరణ. అదే సమయంలో, ఆ క్షమాపణ ఇప్పటికీ అక్కడే ఉంది.

రద్దుల లెక్క రాసే రిట్రాక్షన్ వాచ్‌ను 2010లో ఐవన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ మొదలుపెట్టారు. 2023లో వాళ్ల డేటాబేస్‌ను క్రాస్‌రెఫ్ కొని అందరికీ తెరిచింది. అదే ఏడాది హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థే 8,000కు పైగా పేపర్లను రద్దు చేసింది. ఆ గుంపులో కాపీ ఒక్కటే కాదు, అమ్ముడుపోయిన రివ్యూలు, కొనుక్కున్న పేపర్లు కూడా ఉన్నాయి. మీ రిఫరెన్సుల్లో రద్దయిన పేపర్ ఉందేమో చూసుకోవడం సులువు: రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో మీ పట్టిక పెట్టుకుంటే అదే హెచ్చరిస్తుంది.

అసలు ఏమీ చూడకుండా డబ్బు తీసుకుని వేసే జర్నళ్ల దగ్గర ఈ మెట్లేవీ ఉండవు. మనకు మరీ దూరం కూడా కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ రివ్యూల గురించి, ఫీజుల గురించి మోసపు మాటలు చెప్పిందన్న కేసులో అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మూడు రోజుల్లో ‘ఆక్సెప్టెడ్’ అని మెయిల్ వస్తే సంతోషించకండి.

8. ఇక్కడ మన యూనివర్సిటీలో

జర్నల్ మీ సంస్థకు రాసిందంటే బంతి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 ప్లేజరిజం నిబంధనల కిందికి వస్తుంది. కాకతీయ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీలు, మిగతా ఉన్నత విద్యాసంస్థలు అన్నిటికీ అవే. శాఖ స్థాయిలో ఒక ప్యానెల్, సంస్థ స్థాయిలో ఇంకో ప్యానెల్ ఉంటాయి. శాఖ ప్యానెల్ ఫిర్యాదు అందిన 45 రోజుల్లో తన సిఫారసు పై ప్యానెల్‌కు ఇవ్వాలి.

శాతాల పిచ్చి మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. థీసిస్‌లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే గరిష్ఠంగా 6 నెలల్లో సవరించి మళ్లీ పెట్టాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అధ్యాపకుల పేపర్ల విషయంలోనూ ఇవే శాతాల మెట్లు. 10 దాటి 40 వరకు ఉండే మొదటి మెట్టులో పేపర్ వెనక్కి తీసుకోవాలి. రెండో మెట్టులో దాంతోపాటు ఒక ఇంక్రిమెంట్ పోతుంది, 2 ఏళ్లు కొత్త విద్యార్థులకు గైడ్‌గా ఉండకూడదు. మూడో మెట్టులో వరసగా 2 ఇంక్రిమెంట్లు, 3 ఏళ్లు. మళ్లీ చేస్తే గత తప్పు కంటే ఒక మెట్టు పై శిక్ష. డిగ్రీ వచ్చాక బయటపడితే ఆ డిగ్రీని కొంతకాలం పక్కన పెట్టవచ్చు.

లెక్కలోకి రానివీ ఉన్నాయి: మూలం చెప్పిన కొటేషన్లు, రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసేవి. మీ రిపోర్ట్ తీసేటప్పుడు ఇవి మినహాయించారో లేదో అడగడం మీ హక్కు. మినహాయించకుండా తీసిన 23ని చూసి షాపుకు పరిగెత్తిన పిల్లవాడు బహుశా లైబ్రరీలో ఆ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేదేమో.

యూనివర్సిటీ 9 శాతానికి శిక్ష వేయదు కదా అని జర్నల్‌తో వాదించకండి. అది ఇక్కడి పరిపాలన గీత. జర్నల్‌కు దానితో పని లేదు.

9. మీ పనినే ఎవరైనా ఎత్తుకుపోతే

కోపంలో ముందు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అవతలివాళ్లు జాగ్రత్తపడతారు, మీమీద పరువునష్టం మాట కూడా లేస్తుంది. రెండు నిలువు వరసల పట్టిక చేయండి: ఎడమ మీ వాక్యం, పేజీ సంఖ్యతో, కుడి వాళ్లది. బొమ్మలుంటే పక్కపక్కన. పైన రెండు పేపర్ల డీఓఐలు, తేదీలు. ముందు ఎవరిది వచ్చిందో రుజువు కావాలి కాబట్టి, మీది థీసిస్ మాత్రమే అయితే థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో అది ఉన్న చిరునామా ఇవ్వండి. ఇదంతా ఒకే పీడీఎఫ్ చేసి ఆ జర్నల్ ముఖ్య సంపాదకుడికి పంపండి. ‘దొంగ’ అనే మాట ఎక్కడా వాడకండి, ‘పోలిక’ అనండి. నెల దాటినా జవాబు లేకపోతే ప్రచురణ సంస్థ నీతి విభాగానికి రాయండి. జర్నల్ కోప్ సభ్యురాలై ఉండి, దాని సొంత ఫిర్యాదు పద్ధతి కూడా పని చేయకపోతే, ఎడిటర్లు పద్ధతి పాటించలేదని కోప్‌కు చెప్పుకోవచ్చు. పేపర్ మీద తీర్పు మాత్రం కోప్ ఇవ్వదు.

ఓపిక కావాలి. హన్మకొండలో నాకు తెలిసిన ఒక లెక్చరర్ థీసిస్‌లోని ఒక అధ్యాయం, ఆమె గీసిన పటాలతో సహా, వేరే రాష్ట్రంవాళ్ల పేపర్‌గా వచ్చింది. ఆమె పద్నాలుగు నెలలు ఉత్తరాలు రాసింది, రెండు మూడు నెలలకు ఒకటి చొప్పున, ప్రతిదాని కింద అదే పట్టికతో. అవతలివాళ్ల సంస్థ విచారణ చేసేదాకా జర్నల్ ఆగింది. చివరికి వచ్చిన నోటీసు నాలుగే పంక్తులు, అందులో ఆమె పేరు కూడా లేదు, ‘గతంలో సమర్పించిన ఒక థీసిస్’ అని మాత్రమే ఉంది. పేరు చేర్చమని ఆమె ఐదో రోజున మళ్లీ ఉత్తరం రాసింది. ఈసారి రెండు వారాల్లో చేర్చారు.